ఘాట్ రోడ్డు దిగేటప్పుడు



కొండ ఎక్కడమే కష్టమనీ, దిగడం తేలికనీ చాలామంది అనుకుంటారు. నడిచేవారి సంగతి ఎలాగున్నా, బండికి మాత్రం దిగుడే ఎక్కువ ప్రమాదం. మారేడుమిల్లి నుండి చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది.

రాజమహేంద్రవరం నుండి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అక్కడ నుండి చింతూరు మరో 40 పైచిలుకు. దారి పొడవునా వెదురు పొదలు, ఆకాశాన్నంటే చెట్లు, కొండరెడ్ల పల్లెలు. ఘాట్ దిగి చింతూరు చేరితే శబరి నది కనబడుతుంది. కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది ఈ నదే. చూడ చక్కని దారే గాని, 2019 అక్టోబరులోను, 2025 డిసెంబరులోను ఈ ఘాట్‌లోనే యాత్రికుల బస్సులు లోయలో పడి పలువురు చనిపోయారు.

వానలు వెనుకబట్టిన రోజుల్లో, చింతూరు దగ్గర ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి మేము నలుగురము జీపులో బయలుదేరాము. ఘాట్ మొదలయ్యాక దారి సంగతి తెలిసింది. కొండ వైపు నుండి జారిన రాళ్ళు, ఎర్రమట్టి సగం రోడ్డును కప్పేశాయి. లోయ వైపు అంచు వాననీటికి కోసుకుపోయింది. పైన తారు బాగానే ఉన్నట్టు కనబడుతుంది, దాని కింద మట్టి లేదు. డ్రైవరు బండి ఆపి, కర్రతో గుంత లోతు చూసి, మమ్మల్ని దింపి, ఖాళీ జీపును కొండ వారగా మెల్లగా దాటించాడు.

"ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలండీ, అయ్యగారూ" అన్నాడు. అందులో నిజముంది. దిగుడులో అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఒక వంపు దగ్గర 108 అంబులెన్సు ఎదురుగా ఎక్కుతూ వచ్చింది. లోపల నొప్పులు పడుతున్న ఒక తల్లిని రంపచోడవరం ఆసుపత్రికి తీసుకువెళ్తున్నారు. రెండు బండ్లకు చోటు లేదు. మా డ్రైవరు వెంటనే జీపును వెనక్కి నడిపి, వెడల్పు ఉన్నచోట కొండకు ఆనించి నిలిపాడు. ఇరుకు కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి ఆగి దారి ఇవ్వాలన్నది నియమం. ఎక్కుడులో ఆగిన బండి మళ్ళీ కదలడం కష్టం గదా!

ఆ బండి వెళ్ళిపోయాక మాలో ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. మాకు ఆ దారి ఒక్కపూట భయం. అక్కడి పల్లెలవారికి జ్వరమొచ్చినా, కాన్పు వచ్చినా అదే దారి. ఆ తల్లి ఒంటికి ప్రతి గుంతా తగిలే ఉంటుంది. కొండదారి బాగుచేయడమంటే యాత్రికుల సౌకర్యం మాత్రమే కాదని ఆనాడు మాకు తెలిసింది.

గనుక మీలో ఎవరైనా వానాకాలంలో ఘాట్ దారిన వెళ్ళవలసివస్తే పగటిపూటే వెళ్ళండి. బ్రేకులు, టైర్లు ముందే చూపించుకోండి. వంపు వంపుకూ హారన్ కొట్టండి. కోసుకుపోయిన అంచు మీదికి చక్రం పోనివ్వకండి. ఎదురు వచ్చేవారికి ఆగి దారి ఇవ్వండి. ఆ బండిలో ఎవరి ప్రాణం ఉన్నదో మనకు తెలియదు.