శోకానికి మెట్లు లేవు

శోకం మానవ సహజం. కరుణ రసానికి స్థాయీభావం శోకమేనని మన ఆలంకారికులు నిర్ణయించారు. ఆప్తులనో, జీవనాధారాన్నో కోల్పోయిన మనస్సు తిరిగి ఎలా కుదుటపడుతుందనే ప్రశ్నను ఆధునిక మనోవిజ్ఞానం పరిశీలించింది.

1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు నిరాకరణ, ఆగ్రహం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే ఐదు దశలను పేర్కొన్నారు. మరణం సమీపించిన రోగులతో సంభాషించి ఆమె వాటిని గుర్తించారు. లోకం మాత్రం వాటిని దుఃఖితులందరూ వరుసగా ఎక్కవలసిన మెట్లుగా భావించింది. 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు వేరొక మార్గం చూపారు. దుఃఖితుడు కొంతసేపు పోయినదానిని తలచి విలపిస్తాడు; కొంతసేపు బతుకు పనులలో నిమగ్నుడవుతాడు. ఈ రెండింటి నడుమ రాకపోకలే మనస్సును నిలబెడతాయని వారి సిద్ధాంతం.

ఇందలి సత్యం నాకు ఉద్దానంలో బోధపడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరిచెట్టును పెద్దకొడుకుగా భావించే రైతులకు అది పుత్రశోకమే. కొన్ని వారాల తరువాత అక్కడ నా శిష్యుని ఇంటికి వెళ్లాను. అతని తాతగారు ఉదయం కూలిన మానుపై చేయి వేసి కన్నీరు పెట్టుకున్నారు. మధ్యాహ్నం మనుమనితో కలిసి కొత్త మొక్కకు గొయ్యి తవ్వారు. సాయంత్రం మళ్లీ ఆ మాను చెంతనే కూర్చున్నారు.

"ఏడవకుంటే మనసు ఊరుకోదు మాస్టారూ. ఏడుస్తూ కూకుంటే తోట లెగదు" అన్నారాయన. ఆ పండితుల పేర్లు ఆయన ఎన్నడూ విని ఉండరు.

మహాభారతంలో ధర్మరాజు కథా ఇదే. శాంతిపర్వంలో భీష్ముని ఉపదేశం విన్నవాడే, ఆశ్వమేధిక పర్వారంభంలో గంగాతీరాన మళ్లీ శోకంతో కూలిపోయాడు. అయినా లేచాడు, రాజ్యం పాలించాడు. శోకం తిరిగి రావడం ధైర్యహీనత కాదు.

విద్యార్థులారా! తండ్రినో తల్లినో కోల్పోయిన మిత్రుడు ఒకనాడు నవ్వితే మరచిపోయాడని నిందించకండి; ఏడాది తరువాత ఏడిస్తే ఇంకా ఎందుకని అడగకండి. అతని మాట వినండి. ఆటకూ పాఠానికీ వెంట తీసుకువెళ్లండి. నిద్రాహారాలు మాని, చదువు విడిచి, నెలల తరబడి కుంగిపోతే పెద్దలకు చెప్పి వైద్యుని వద్దకు చేర్చండి. పోయినవారిని మరచిపోనక్కరలేదు, వారి జ్ఞాపకంతోనే బతుకు సాగించవచ్చు.