ఇరవయ్యో తేదీకి ముందు రోజు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా హైవేని బందరు రోడ్డు అడ్డంగా దాటుతుంది. 2020లో ఒక పక్క, 2022లో రెండో పక్క ఫ్లైఓవర్లు తెరిచాక లారీలు పైనుంచే పోతున్నాయి కానీ, కింద ఆటోల రొద అలాగే ఉంది. ఆ రొద వినపడేంత దూరంలో, పటమట వైపు సందులో, మందుల షాపు మీది అంతస్తులో ఒక ఆడిటర్ ఆఫీసు. నెలవారీ జీఎస్టీ వ్యాపారుల త్రీబీ రిటర్నులకు 20వ తేదీ గడువు. మేం వెళ్లింది 19న. పొద్దున పదింటికి సీట్లో కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం క్యారియర్ విప్పడానికే లేస్తున్నారు. కింద షాపు గుమ్మానికి నడుం బెల్టులు వేలాడుతున్నాయి. అలాంటిదే ఒకటి పైన సీనియర్ అకౌంటెంటు చొక్కా మీద కనిపించింది.

ఆ రోజే రమ్మని ఫిజియోథెరపిస్టును పిలిచింది ఆడిటర్ గారే. "గడువు లేని రోజున అందరూ బుద్ధిగా నిటారుగా కూర్చుంటారమ్మా, ఇవాళ చూడండి," అన్నారాయన. ఆమె వచ్చి ఉపన్యాసం మొదలుపెట్టలేదు. అరగంట సేపు ఒక మూల నిలబడి చూసింది. తర్వాత బ్యాగులోంచి దర్జీ టేపు తీసింది.

మొదట కొలిచింది కిటికీ పక్క అమ్మాయి సీటు. ఆ అమ్మాయి ఎత్తు అయిదడుగులకు కాస్త తక్కువ. బల్ల ఎత్తు 30 అంగుళాలు. పాదాలు నేలకానించి కూర్చుంటే ఆమె మోచేయి నేల నుంచి 23 అంగుళాల దగ్గర ఆగింది. ఆ ఏడంగుళాల తేడాకి రోజంతా భుజాలు పైకెత్తి టైపు చేస్తోంది. కుర్చీ పైకి లేపితే కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. వాటిని నేలకి అందించాలని కుర్చీ అంచుకి జరుగుతోంది, దాంతో వీపుకి కుర్చీ ఆనుడు తప్పిపోతోంది. కుర్చీ లేపి, కాళ్ల కింద పాత వోచర్ల కట్టలు రెండు వేశారు. ల్యాప్‌టాప్‌ను రెండు లావుపాటి పుస్తకాల మీద కంటి ఎత్తుకు చేర్చి, విడిగా ఒక కీబోర్డు తగిలించారు. ల్యాప్‌టాప్‌తో చిక్కంతా అదే. తెర కంటికి సరిపోతే చేతులకి అందదు, చేతులకి అందితే మెడ వంగుతుంది. వేలకు వేలు పోసి కుర్చీ కొనేవాళ్లు ముందు ఈ కీబోర్డు సంగతి చూసుకోవాలి.

అయితే కుర్చీ ఎంత కుదిరినా కదలకుండా కూర్చుంటే లాభం లేదని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పింది. వెన్నుపూసల మధ్య డిస్కుల లోపలికి పెద్దవాళ్లలో రక్తనాళాలు వెళ్లవు. పై ఎముక నుంచి, కింది ఎముక నుంచి ఊరే ద్రవంతోనే వాటికి పోషణ. మనిషి కదులుతూ బరువు మారుస్తుంటే ఆ రాకపోకలు సాగుతాయి. కూర్చుంటే నిలబడినప్పటికంటే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్ డాక్టర్ నాకెమ్సన్ 1960లలో కొలిచి చెప్పాడు. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వలంటీరు డిస్కులోనే సెన్సర్ పెట్టి చూస్తే, మామూలుగా కూర్చున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటికంటే కొంచెం తక్కువే వచ్చింది. ముందుకి వంగి కూర్చున్నప్పుడు మాత్రం బాగా పెరిగింది. ఆ మధ్యాహ్నం ఆఫీసులో సగం మంది వంగే ఉన్నారు.

ఈ బాధ కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జిని పనివాళ్ల జబ్బుల మీద రాసిన గ్రంథానికి 1713లో గుమాస్తాల గురించి ఒక అధ్యాయం చేర్చాడు. ఎడతెగని కూర్చోవడం, ఒకే తీరున ఆడే చెయ్యి, లెక్క తప్పకూడదన్న మనసు బిగువు: వాళ్ల జబ్బులకి ఆయన చూపిన కారణాలు ఈ మూడు. మూడోది వినగానే సీనియర్ అకౌంటెంటు తలెత్తి చూశారు.

ఆయన బెల్టు గురించి మాట వచ్చింది. 2016లో ఒక అమెరికా వైద్య పత్రికలో, ముప్పై వేల మందికి పైగా పాల్గొన్న 21 అధ్యయనాలను కలిపి సమీక్షించారు. నడుం నొప్పి రాకుండా బెల్టులు కాపాడాయనడానికి ఆధారం దొరకలేదు. వ్యాయామం, దాంతోపాటు అవగాహన ఉన్నవాళ్లలో నొప్పి వచ్చే ముప్పు 45 శాతం దాకా తగ్గింది. "బెల్టు తీసేయమనను బాబాయ్ గారూ, దాన్నే నమ్ముకోవద్దంటాను," అని ఆమె నేల మీద దుప్పటి పరిచింది. చేతులూ మోకాళ్లూ ఆనించి, ఎడమ చెయ్యీ కుడి కాలూ ఒకేసారి చాచి, నడుం ఊగకుండా పది అంకెలు లెక్కపెట్టించింది. రెండోసారికే ఆయన చెయ్యి వణికింది. ఆరో అంకె దగ్గర దింపేశారు. రేపు ఏడు అంటే చాలంది.

ఆఫీసులో నిజంగా పనిచేసే మార్పు ఆడిటర్ గారికే తట్టింది. ప్రతి బల్ల మీదా ఉన్న చిన్న ప్రింటర్లు తీయించి, హాలు ఆ చివర ఒక్కటే పెద్దది పెట్టించారు. నీళ్ల క్యాను కూడా అక్కడికే పోయింది. క్లయింటు ఫోను వస్తే లేచి మాట్లాడాలి. అరగంటకోసారి మోగే అలారాన్ని 19వ తేదీ సాయంత్రం ఎవరైనా నొక్కేస్తారు, ప్రింటు కోసం మాత్రం లేవక తప్పదు. లేచినవాణ్ణి పని ఎగ్గొట్టేవాడిలా చూసే యజమానులు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ ఏర్పాటు చూస్తే మనసుకి ఊరట కలిగింది.

వెళ్లే ముందు ఆమె అందరినీ ఒక్కొక్కరినే అడిగింది: నొప్పి కాల్లోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా, మూత్రం పోయడంలో తేడా ఉందా, జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా అని. వీటిలో ఏది ఉన్నా వ్యాయామాలు పక్కనపెట్టి డాక్టరుకి చూపించాలి. మూత్రం పట్టు తప్పినా, కాలు బలం పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చివరి బల్ల దగ్గరి కుర్రాడు పిరుదు నుంచి బొటనవేలి దాకా లాగుతోందనీ, చెప్పు జారిపోతున్నా తెలియడం లేదనీ చెప్పాడు. "ఇరవై అయ్యాక వెళ్తాన్లే మేడం," అన్నాడు. ఆడిటర్ గారు అతని ఫైళ్లు పక్క బల్లకు మార్పించి, అప్పటికప్పుడు ఆటో పిలిపించి, తోడుగా ఇంకొకరిని ఇచ్చి ఎముకల డాక్టరు దగ్గరికి పంపించారు.