మేనమామ క్రెయాన్

సోఫోక్లిస్ రాసిన ‘ఆంటిగొనీ’ నాటకం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది రాజ్యం ఒకవైపు, మనస్సాక్షి ఒకవైపు అంటూ మొదలుపెడతారు. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ ముందు తట్టేది చుట్టరికం. ఆంటిగొనీకి మరణశిక్ష వేసిన క్రెయాన్ పరాయి రాజు కాదు, ఆమె తల్లి యొకాస్తాకు తోడబుట్టినవాడు. అంటే మేనమామ. ఆమె పెళ్లాడబోయే హైమన్ ఆ మేనమామ కొడుకే. మన దగ్గర పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకొచ్చేది మేనమామ. అక్కడ ఆ మేనమామే పిల్లను బతికుండగా రాతిగుహలో పెట్టి మూయించాడు. క్రీస్తుపూర్వం 441 ప్రాంతంలో ఏథెన్సులో ఆడిన నాటకమిది. బొగ్గుబాయిల శ్రీరాంపూర్‌లో కూర్చుని చదివేవాళ్లకు ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు.

థీబ్స్ నగరపు గద్దె కోసం ఆంటిగొనీ అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నారు. గద్దె వదలని ఎటియోక్లిస్ ఒకడు, పరాయి సైన్యాన్ని వెంటబెట్టుకుని సొంత ఊరిమీదికి వచ్చిన పాలినీసిస్ ఒకడు. ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. ఏలుబడి మేనమామకు దక్కింది. ఊరిని కాపాడినవాడికి లాంఛనాలతో అంత్యక్రియలు చేయాలని, ఊరిమీదికి వచ్చినవాడి శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేయాలని, వాడికోసం ఏడ్చినా నేరమేనని ఆయన చాటింపు వేయించాడు. ఆంటిగొనీ వెళ్లి అన్న మీద ఇంత మన్ను చల్లింది. ఆమె చేసిన ధిక్కారమంతా ఆ మన్నే.

క్రెయాన్‌ను దుర్మార్గుడని తీసిపారేయడం నాకు చేతకాదు. గద్దెనెక్కి నిండా ఒక్కరోజు కాలేదు. ఊరు అప్పుడే యుద్ధంలోంచి బయటపడింది. ద్రోహులను తమ నేలలో పూడ్చనివ్వని ఆనవాయితీ ఏథెన్సుకూ ఉండేది కనుక చూసేవాళ్లలో కొందరికి ఆ ఆజ్ఞ మొదట సబబుగానే తోచి ఉంటుంది. మేనకోడలైనా న్యాయం ఒక్కటే అంటాడు, అది మంచి పాలకుడి మాటే. వ్యవహారం చెడింది కొడుకు వచ్చి మాట్లాడినప్పుడు. నీ ముందు నోరెత్తరుగానీ చాటున ఊరంతా ఆ పిల్ల కోసం బాధపడుతున్నదని హైమన్ ఎంతో మర్యాదగా చెబుతాడు. అక్కణ్నుంచి తండ్రికి ఊరు పట్టదు. ఆడపిల్ల ముందు ఓడిపోతానా, ఈ వయసులో కుర్రవాడి దగ్గర బుద్ధి నేర్చుకోవాలా అన్నదే పట్టుకుంటుంది. ఊరి మంచికని వేసిన చాటింపు ఆ కాసేపట్లోనే ఒక మనిషి పంతమైపోయింది.

చనిపోయినవాళ్ల శరీరం విలువేమిటో బొగ్గుబాయి ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 నవంబర్ 10న శ్రీరాంపూర్ ఏరియాలోని ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. ఇలాంటి కబురు తెలిస్తే ఇంటివాళ్లు, పక్క క్వార్టర్లవాళ్లు బాయి దగ్గరికి చేరతారు. ఆశ పోయాక కూడా కదలరు. బండ కింద ఉన్నది శవమేనని తెలిసినా, ప్రాణమున్న మనిషి కోసం దిగినట్టే రెస్క్యూవాళ్లు దిగుతారు. లెక్క కట్టి చూస్తే పోయినవాడి కోసం ఉన్నవాళ్లు ప్రాణం ఒడ్డడం తెలివైన పని కాదు. అయినా ఆ పని మానుకోమని అనే మనిషి బాయి మీద ఉండడు. ఆంటిగొనీ ఎందుకలా చేసిందని ఇక్కడివాళ్లకు వ్యాఖ్యానాలు రాసి వివరించాలా?

మన పాత ఆదిలాబాద్ జిల్లాకు తనదైన థీబ్స్ కూడా ఉంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. సాగుచేసుకుంటున్న భూములకు పట్టాలు కావాలని, చేజారిన భూములు తిరిగి రావాలని అడగడానికి. సభకు అనుమతి లేదన్నారు. ఆ సంగతి తెలియక గూడేల నుంచి గోండులు వస్తూనే ఉన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. హక్కుల సంఘాలు చెప్పింది అంతకు ఎన్నో రెట్లు.

కాల్పులకన్నా ఆ తర్వాతి ఏళ్లే నన్ను ఎక్కువగా కలతపెడతాయి. చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం 1986లో ధ్వంసమైంది, తర్వాత మళ్లీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20 వచ్చిందంటే నిషేధాజ్ఞలు, దారిపొడవునా పోలీసులు. అలా దశాబ్దాలు. గోండుల్లో చావు ఒక్క ఇంటి సంగతి కాదు, గోత్రమంతటిదీ. పర్ధాన్ గాయకుడు కిక్రి వాయిస్తూ వంశగాథ పాడితేగానీ పెద్దల్లో కలిసినవాళ్లకు మర్యాద జరిగినట్టు కాదు. అలాంటి మనుషులను తమవాళ్ల స్తూపం దగ్గర కాసేపు నిలబడి దండం పెట్టుకోనివ్వడానికి ప్రభుత్వం జంకింది. తుపాకులున్న రాజ్యం ఒక రాతి స్తంభాన్ని చూసి ఎందుకు భయపడాలి? దుఃఖాన్ని ఒప్పుకుంటే తప్పును ఒప్పుకున్నట్టవుతుందని. క్రెయాన్‌కు పిడికెడు మన్ను అంత బరువు తోచింది కూడా అందుకే.

చనిపోయిన శత్రువుకు మర్యాద చేయగలగడమనే ఈ పరీక్షలో నెగ్గిన విజేతలు మన ఇతిహాసాల్లో ఉన్నారు. రావణుడికి కర్మ చేయడానికి సొంత తమ్ముడు విభీషణుడే వెనకాడితే, పగ చావుతోనే తీరిపోయిందని, ఇక ఇతడు నీకెంతో నాకూ అంతేనని నచ్చజెప్పినవాడు రాముడు. కురుక్షేత్రం ముగిశాక దిక్కులేనివాళ్లతో సహా ఇరుపక్షాలవాళ్లకూ దహనాలు చేయించమని ధర్మరాజు ఆజ్ఞ ఇచ్చాడు. ఒకరి భార్యను శత్రువు ఎత్తుకుపోయాడు, ఇంకొకరి బిడ్డలు ఆ యుద్ధంలోనే పోయారు. పగపట్టడానికి క్రెయాన్‌కన్నా వాళ్లకే కారణాలెక్కువ.

రావణుడి లంకలోనే రక్తబంధం రెండు దారులు పట్టింది. అన్న చేసింది తప్పని ముఖం మీదే చెప్పి, ఆ అన్న కోసమే యుద్ధానికి పోయి చచ్చాడు కుంభకర్ణుడు. తప్పని చెప్పి అవతలి పక్షంలో చేరాడు విభీషణుడు. మన పల్లెల్లో చిరుతల రామాయణం ఆడినన్నాళ్లూ వీళ్లిద్దరిలో ఎవరు సరి అన్న వాదు తెగదు. ఆంటిగొనీది మూడో దారి. పాలినీసిస్ ఊరిమీదికి సైన్యాన్ని తేవడం ఒప్పని ఆమె ఎక్కడా వాదించదు. ఆమెకు కావలసింది అన్నను మట్టిలో కలపడం ఒక్కటే. నక్సలైట్ల ఎన్‌కౌంటర్ల కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కొడుకు శవాన్ని ఇప్పించమని పోలీసులను వేడుకున్న తల్లుల్లో ఎందరికి ఆ కొడుకు పట్టిన దారి నచ్చింది? నచ్చిందా లేదా అని అడిగే హక్కు మార్చురీ గుమ్మంలో ఎవరికీ లేదు. మందుపాతర పేలి పోయిన కానిస్టేబుల్ తల్లి దగ్గరా అంతే.

ఇంతచేసీ ఆంటిగొనీని తప్పులేని మనిషిగా నిలబెట్టలేదు సోఫోక్లిస్. చెల్లెలు ఇస్మీన్ మొదట భయపడింది, తర్వాత నేనూ నీతోపాటే చస్తానని వచ్చింది. ఆంటిగొనీ కసురుకుంది, తన చావులో వాటా ఇవ్వనంది. పోయిన అన్న కోసం అంత చేసిన మనిషి ఎదుట నిలబడ్డ చెల్లెల్ని ఓదార్చలేకపోయింది. మేనమామ పంతమూ మేనకోడలి పంతమూ ఒక్కచోటి నుంచే వచ్చాయనిపిస్తుంది. నా జాలి ఎక్కువ భాగం ఇస్మీన్‌కే పోతుంది. ఇంటిల్లిపాదీ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె.

శకునాలు చెప్పే గుడ్డివాడు టైరీసియస్ హెచ్చరించాక క్రెయాన్ దిగొచ్చాడు. ముందు గుహలోని పిల్లను విడిపించు, తర్వాత చనిపోయినవాడికి సమాధి కట్టు అన్నారు ఊరిపెద్దలు. ఆయన తిరగేసి చేశాడు. ముందు శవం దగ్గరికి పోయి కడిగించి, కాల్పించి, మట్టి దిబ్బ పోయించాడు. ఆ తర్వాత గుహకు చేరేసరికి ఆంటిగొనీ ఉరిపోసుకుంది. హైమన్ కత్తితో పొడుచుకున్నాడు. కబురు విని తల్లి యూరిడిసీ పోయింది.

ఇంద్రవెల్లిలోనూ వరుస అలాగే తిరగబడింది. తెలంగాణ వచ్చాక అక్కడ ఆంక్షలు సడలాయి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్తూపం దగ్గర నివాళి అర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచి పని, ఆలస్యమైనా మంచి పనే. 1981లో ఆ సోమవారం వాళ్లు సభ పెట్టుకున్నది మాత్రం భూమి కోసం. పోడు పట్టాకు దరఖాస్తు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఆ గూడేల్లో ఇంకా ఉన్నారు.