10 దాటితే ఆగాల్సిందే

ఒక ఫంక్షన్‌లో స్వతంత్రమైన దారులెన్నో లెక్కగట్టే పద్ధతిని థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించాడు. ప్రతి ఇఫ్, ప్రతి లూప్ ఆ అంకెను ఒకటి పెంచుతాయి. 10 దాటితే విడగొట్టమన్నాడు. ఈ లెక్కను కోడ్ మెర్జ్ కాకముందే, ప్రతిసారీ, మెషీనే చూడాలని నా గట్టి అభిప్రాయం. రివ్యూ చేసేవాళ్లు అలసిపోతారు, డెడ్‌లైన్ దగ్గరపడితే మొహమాటపడతారు. పైగా ఏ ఫంక్షనూ ఒక్కరోజులో కొండలా పెరగదు. ఒక్కో ఇఫ్ వచ్చి చేరుతుంది, విడిగా చూస్తే ఏ మార్పూ తప్పనిపించదు.

అంకెకు భయపడి ఫంక్షన్‌ను అర్థంలేని ముక్కలు చేస్తారన్న అభ్యంతరంలో నిజముంది. 12 నెలలకు 12 కేసులున్న స్విచ్ చదవడానికి తేలికే, అయినా పరిమితి దాటేస్తుంది. ఇలాంటి చోట ఆ పరిమితి సబబు కాదని మెకేబే ఒప్పుకున్నాడు. ఒకదానిలో ఒకటి దూరిన ఇఫ్‌లకు ఎక్కువ బరువు వేసే కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే కొలతను కోడ్ తనిఖీ టూల్స్ తయారుచేసే సోనార్ వాళ్లు తెచ్చిందీ ఈ లోటు తీర్చడానికే. కాబట్టి మినహాయింపు ఇవ్వండి, కానీ కారణాన్ని కోడ్ పక్కనే రాయించండి. పాత కోడ్ మొత్తాన్నీ ఒకేసారి బాగుచేయమంటే మాత్రం టీమ్ ఆ చెక్‌నే ఆపేస్తుంది. చెయ్యి పెట్టిన ఫంక్షన్ మునుపటికంటే చిక్కుపడకూడదన్న ఒక్క నియమంతో మొదలుపెట్టడం మేలు.