రాయికీ రాయికీ నడుమ

1984 అక్టోబరు. పుదుచ్చేరికి అప్పటికింకా పాండిచేరి అన్న పేరే వాడుకలో ఉంది. ఈశాన్య ఋతుపవనాలు రాకముందే గోడలు లేపాలన్న ఆత్రంతో మా ఇంటికి ఆరు స్తంభాలు పోయించాను. రెండోనాడు సెంట్రింగు చెక్కలు విప్పేసరికి, వీధివైపు స్తంభం పాదంలో మూరెడు మేర తేనెపట్టు కనిపించింది. రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి. వాటి నడుమ చీకటి ఉంది. ఒకచోట చిటికెనవ్రేలు పెట్టి చూస్తే లోపలి ఇనుపకడ్డీ చల్లగా తగిలింది.

“దీనికింత దిగులెందుకండీ? రెండు తట్టల సిమెంటు మెత్తి పూత పూస్తే ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు మేస్త్రీ.

నాకు తెలుస్తుంది కదా అనుకొన్నాను. కాని ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలలేదు. అప్పటికే నా శ్రీమతి మెడలోని గొలుసు సిమెంటు బస్తాలుగా మారిపోయింది. పైగా తప్పులో నాకూ భాగముంది. ముప్పావు అంగుళం కంకర చెప్పినచోట ఒకటిన్నర అంగుళం రాయి వచ్చింది. ధర తక్కువని దింపించుకొన్నది నేనే. యానాంలో గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. రాయి రాయే, ఇసుక ఇసుకే అన్న భ్రమలో ఉండేవాణ్ణి.

ఆ సాయంకాలం మా భ్రమ వదిలించినవాడు, పక్కింటి మెట్లకు రాయి చెక్కుతున్న ఒక వృద్ధుడు. తమిళదేశంలో తరతరాలుగా రాతిపని చేసే కుటుంబాల్లో ఇంట తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఆయన వారిలో ఒకడు. స్తంభం ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

“అయ్యా, గోనెసంచిలో గుమ్మడికాయలు నింపితే సంచి నిండినట్టేనా? సందుల్లో నిమ్మకాయలు పడతాయి. నిమ్మకాయల సందుల్లో సెనగలు, సెనగల సందుల్లో ఆవాలు. మీరు గుమ్మడికాయలు పోసి, తిన్నగా పిండి పోసినారు” అన్నాడు.

“అయితే ఏం చేయమంటావు, తాతా?”

“నా స్తంభమైతే పడగొడతాను. మీది మీ ఇష్టం.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారాక ఇరవై లీటర్ల డబ్బా నిండా ఆ పెద్దరాయి పోసి, లీటరు చెంబుతో నీళ్ళు కొలిచి పోశాను. తొమ్మిది లీటర్లు పట్టింది! దాదాపు సగం డబ్బా శూన్యమన్నమాట. చిన్నకంకర మాత్రమే పోసి చూసినా కొలత ఇంచుమించు అంతే. ఇది నాకు వింతగా తోచింది. రాయి చిన్నదైతే సందులు తగ్గుతాయనుకొన్నాను. తగ్గేది సందు పరిమాణమే. సందుల సంఖ్య పెరిగి మొత్తం ఖాళీ అలాగే ఉంటుంది. రెండింటినీ కలిపినప్పుడే నీళ్ళు తక్కువ పట్టాయి.

కాంక్రీటు రహస్యం చాలావరకు ఈ డబ్బాలోనే ఉంది. రాళ్ళ మధ్య మిగిలిన ప్రతి సందునూ నింపవలసింది సిమెంటు ముద్దే. సందులెక్కువైతే ఖరీదైన సిమెంటు ఎక్కువ కావాలి. అది పోయలేనివాడు నీళ్ళు పోస్తాడు. మా పనివారు చేసినది అదే. నీరు పెరిగితే బలం తగ్గుతుందని అమెరికాలో డఫ్ అబ్రామ్స్ 1918లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. అంతకుముందు 1907లో ఫుల్లర్, థామ్సన్ అనే ఇంజనీర్లు ఏ పరిమాణం రాయి ఎంత పాలు కలిపితే మిశ్రమం దట్టంగా కుదురుకొంటుందో ఒక వక్రరేఖగా గీశారు. అలాగని అంతా సన్ననిదైనా ప్రమాదమే. రేణువు చిన్నదైనకొద్దీ అదే ఘనపరిమాణానికి పైతలం పెరుగుతుంది, ఆ తలమంతా తడపడానికి నీరూ సిమెంటూ పెరుగుతాయి. మన సముద్రపుటొడ్డు ఇసుక ఇంటికి పనికిరాకపోవడానికి ఉప్పు ఒక్కటే కారణం కాదు. కెరటాలు, గాలి జల్లెడపట్టినట్లు రేణువులన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

ప్రజాపనుల శాఖలో పనిచేసే మిత్రుడొకరు వచ్చి మరో సంగతి విప్పిచెప్పారు. కడ్డీలు దట్టంగా ఉన్నచోట రాయి పరిమాణం, కడ్డీల మధ్య ఎడంకన్నా, కడ్డీకీ చెక్కకూ మధ్య ఎడంకన్నా, కనీసం 5 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలట. మా స్తంభం పాదంలో పునాది కడ్డీలూ పైకడ్డీలూ జతగా నిలుచున్నాయి. పెద్దరాళ్ళు అక్కడే ఇరుక్కుని వంతెన కట్టాయి. సిమెంటు పాలు కిందికి కారిపోయాయి. “సముద్రం కూతవేటు దూరంలో ఉంది. ఈ రంధ్రాల్లోంచి ఉప్పుగాలి కడ్డీని చేరుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలినుంచే చీలుస్తుంది. పూత పూస్తే ఆ చీలిక మీకు ఆలస్యంగా కనబడుతుంది, అంతే” అన్నారాయన.

తరువాత వారే అనుమతి తీసుకొని నన్ను అరవిందాశ్రమం వారి ‘గోల్కొండ్’ వసతిగృహం చూడటానికి తీసుకువెళ్ళారు. మనవారి గోల్కొండ పేరే అది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టినది. టోక్యోలో ఉండిన ఆంటోనిన్ రేమండ్ రూపకల్పన చేయగా, జార్జి నకషిమా, ఫ్రాన్తిషెక్ సామర్ ఇక్కడే ఉండి కట్టించారు. 1937లో పని మొదలైంది, యుద్ధకాలంలోనూ సాగింది. లోపల నేలమీద నల్లని కడపరాయి చూసి నాకు సొంతూరివారు కనిపించినంత సంతోషం కలిగింది. కాని నన్ను నిలబెట్టినవి వెలుపలి ముఖాలు. వాటికి పూత లేదు. చెక్క విప్పినప్పుడు ఎలా బయటపడిందో కాంక్రీటు అలాగే నిలిచి ఉంది. అక్కడ రాయి కుదరకపోతే దాచడానికి మరో పొర లేదు. ఒక గోడను చేత్తో తడిమి చూశాను. మిత్రులు నవ్వారు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు లెక్క చెప్పాను: కూలి, సిమెంటు, ఇనుము, పది రోజుల ఆలస్యం. ఆమె అంతా విని, “ఆ స్తంభం మీదుగా వచ్చే గదిలో పడుకొనేది ఎవరు?” అని మాత్రం అడిగింది. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు.

స్తంభం పడగొట్టడానికి రెండు రోజులు పట్టింది. తేనెపట్టు ఉన్నచోట సమ్మెట రెండు దెబ్బలకే లొంగింది. పైభాగం మాత్రం మొండికెత్తింది. ఈసారి ముప్పావు అంగుళం, అర అంగుళం కంకరలు కలిపి, పెన్నయ్యారు ఇసుక జల్లించి వాడాము. తడి ఇసుక ఉబ్బి కొలత తప్పుతుందని, తట్టలతో కొలిచేటప్పుడు దానికి తగినంత హెచ్చు వేశాము. మేస్త్రీ మొదట ముఖం ముడుచుకొన్నా, పొడుగాటి కడ్డీతో కూరుతున్నప్పుడు తానే స్వయంగా నిలబడ్డాడు. చెక్కలు విప్పే ఉదయం వృద్ధుడు పిలవకుండానే వచ్చి, స్తంభం పాదం చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా చుట్ట ముట్టించుకొన్నాడు.

ఇప్పుడు నదుల ఇసుక దుర్లభమై, రాతిని నలిపి చేసిన ఇసుకే ఊరంతా వాడుతున్నారు. మొన్న మా అమ్మాయి పై అంతస్తు పనికి తెప్పించిన లోడులోంచి గుప్పెడు తీసి గాజుసీసాలో నీళ్ళతో కుదిపి, దుమ్ము ఎంత పేరుతుందో చూడటానికి కిటికీలో పెట్టింది. పాత స్తంభం ముక్కలు వాకిట మెట్ల కింద ఉన్నాయి.