మరకా? సొట్టా?

బేగంబజార్లో ఉండేవాళ్ళకి ఒక ధీమా ఉంటుంది, ఇక్కడ దొరకని వస్తువంటూ లేదని. గిన్నెలు, గాజులు, బాదం పిస్తాల దగ్గర్నుంచి స్నో పౌడర్ల దాకా అన్నీ టోకున దొరికే చోట, మొహం మీద నాలుగు మచ్చలు పోగొట్టే మందు దొరకదా అనుకున్నాను నేను కూడా. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. పదిహేనో ఏట మొదలైన మొటిమలు తగ్గుతూ వస్తూ, బుగ్గల మీద నల్లమచ్చలు, అక్కడక్కడా గుంటలు మిగిల్చాయి. సెలవులకి వచ్చిన మా ఆడపడుచు దాన్ని చూసి, "ఏంది వదినా, పిల్ల మొకం గిట్లయింది? రేపు చూసెటందుకు ఎవలన్న వస్తె ఏం జేస్తవ్?" అన్నది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే నా బుగ్గల మీద కూడా గుంటలున్నాయి. నన్ను చూడ్డానికి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు గడప దాటుతూ నా మొహం గురించి అనుకున్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. నా కూతురు ఆ మాట పడకూడదు, అంతే.

ముందు వంటింటి వైద్యం మొదలుపెట్టాను. శనగపిండి, పసుపు, ముల్తానీ మట్టి అయ్యాయి. నిమ్మరసం రాస్తే మండి, ఆ చోటు ఇంకా నల్లబడింది. ఇక లాభం లేదని ఒక మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. వాళ్ళు డాక్టరు చీటీ అడగలేదు, నేను దానిమీద ఏం రాసుందో చదవలేదు. వారం తిరక్కుండానే మొటిమలు అణిగాయి, మొహం తెల్లగా తేటగా అయింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మా తోడికోడలికి కూడా ఆ ట్యూబు పేరు చెప్పాను!

మూడు నెలలు గడిచాయి. ఎండలోకి వెళ్తే చాలు మొహం కందిపోయి మంట అనేది. ఒక్కరోజు రాయకపోతే మొటిమలు గుంపులుగా లేచేవి. బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు కనిపించాయి, నూగు వెంట్రుకలు మొలిచాయి. ఒకరోజు కాలేజీకి పోనని తలుపేసుకుని, "అమ్మా, నా మొకం నాకిచ్చెయ్" అని ఏడ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి మాకు నడిచిపోయే దూరమే. ఇన్నాళ్ళూ చర్మానికి కూడా ఆస్పత్రి ఏమిటని పోలేదు. మర్నాడే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ట్యూబు చూసి, "ఇది స్టెరాయిడ్ అమ్మా" అన్నది. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ లాంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్లట. కొన్ని చర్మరోగాలకి డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులే. వాపుని, ఎరుపుని చప్పున అణచేస్తాయి కనుక మొదట్లో మొహం బాగుపడినట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మానితే మంట, మొటిమలు తిరగబడతాయి. ఈ తిప్పలు చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడగనిది వాళ్ళ తప్పు, చీటీ లేకుండా కొన్నది నా తప్పు.

ఆ ట్యూబుని ఎలా మానాలో చెప్పి, మంట తగ్గే మందులిచ్చాక, డాక్టరమ్మ మా అమ్మాయిని కిటికీ పక్కన నిలబెట్టి వెలుతురు పక్కనుంచి పడేలా చూసింది. వేలితో తడిమింది. కొన్ని ఉత్త రంగు మచ్చలు, చేతికి తగలవు. కొన్ని గుంటలు, వాటిలో నీడ పడుతుంది. రెండింటికీ వైద్యం వేరట.

గిన్నెల బజార్లో ఉండే నాకు అది చప్పున అర్థమైంది. గిన్నెకి మరక పడితే తోమితే పోతుంది. సొట్ట పడితే ఎంత తోమినా పోదు, గిన్నె అరుగుతుంది. నేను సొట్టని తోముతూ కూర్చున్నాను!

మరకల్లాంటి నల్లమచ్చలు చాలావరకు నెలలు గడిచేకొద్దీ వాటంతటవే పల్చబడతాయి. ఎండ తగిలితే మాత్రం అంత తొందరగా పోవు. అందుకే రోజూ సన్‌స్క్రీన్ రాయాలి. డాక్టరు చూసి అజలాయిక్ ఆసిడ్, అడాపలీన్ లాంటి పూతలో, పైపొరని తేలిగ్గా ఒలిచే పీలింగో చెబుతారు.

గుంటలకి ఏ క్రీమూ పెద్దగా పనిచేయదు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటికి ఒక్కో గుంటలో ఆసిడ్ చుక్క తాకిస్తారు. అలల్లా వెడల్పుగా ఉన్నవాటిలో చర్మాన్ని అడుగునుంచి లాగి పట్టుకున్న పోగుల్ని ప్రత్యేకమైన సూదితో తెంపుతారు. దాన్ని సబ్‌సిషన్ అంటారు. సన్నని సూదులతో గుచ్చి కొత్త చర్మం పుట్టించే మైక్రోనీడ్లింగ్ ఉంది, లేజరూ ఉంది. మన చామనఛాయ చర్మానికి లేజర్ తర్వాత మళ్ళీ నల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువ కనుక, అనుభవమున్న చర్మ డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. ఏదైనా ఒక్కసారితో అయ్యేది కాదు, కొన్ని వారాల ఎడంతో నాలుగైదు సార్లు పోవాలి. అంతా అయ్యాక కూడా గుంటలు తగ్గుతాయే గాని అద్దంలా నున్నగా కాదు. అలా చేస్తామన్నవాళ్ళని నమ్మకండి. ఆ సూదుల రోలర్లు చవగ్గా దొరుకుతున్నాయని ఇంట్లో రుద్దుకోవద్దని, మొటిమలున్న మొహం మీదైతే చీము పాకుతుందని కూడా డాక్టరమ్మ హెచ్చరించింది.

అన్నిటికన్నా ముందు కొత్త మొటిమలు రాకుండా చూసుకోవాలి, గిల్లకూడదు. నెలసరి సరిగా రాని పిల్లలైతే ఆ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పాలి. ముదిరిన మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భిణులు వేసుకుంటే బిడ్డకి అవకరాలు వస్తాయి. పెళ్ళయిన ఆడపిల్లలుంటే ఇది మరిచిపోకండి.

ఏడాది దాటింది. మా అమ్మాయి మంట పోయింది, నల్లమచ్చలు చాలావరకు పల్చబడ్డాయి. గుంటలకి సూదుల వైద్యం చేయిద్దామా అని మొన్న అడిగాను. "చూద్దాం లేమ్మా, పరీక్షలు కానియ్" అన్నది. మళ్ళీ తనే నా బుగ్గ మీద వేలు పెట్టి, "నీకూ ఉన్నయి గదా, నాన్న ఎన్నడన్న ఏమన్న అన్నడా?" అని నవ్వింది.

ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేశాను. నిజంగానే ఆయన ఒక్కనాడూ ఏమనలేదు. ఎప్పుడో ఎవరో గడప దగ్గర అన్న మాటని మోసుకు తిరిగింది నేనే. అది మా అమ్మాయి నెత్తిన పెట్టబోయిందీ నేనే. మొన్న ఆడపడుచు ఫోన్ చేసి మళ్ళీ పిల్ల మొహం సంగతి ఎత్తితే, "పిల్ల చదువుకుంటున్నది వదినా" అని మాట మార్చేశాను.