వీధికీ ఒక హక్కున్నది

వచ్చే మాసం నేను పదవీ విరమణ చేయనున్నాను. ఆ తరువాత ఉక్కునగరంలోని మా క్వార్టరు తాళంచెవులు అప్పగించి వెళ్లిపోవాలి. ముప్పై ఏళ్లకు పైగా నివసించిన చోటు గనుక దానిని వదలడం ఎంత కష్టమో ఇంటిల్లిపాదికీ వినిపిస్తూ వచ్చాను. కాని నేనీ ఊరిని ఎంతమాత్రం ఎరుగుదునన్న ప్రశ్న గత ఏడాది వరకు నాకు కలుగలేదు.

రక్తంలో చక్కెర హెచ్చినదని, రోజూ గంటసేపు నడవాలని వైద్యుడు గట్టిగా చెప్పారు. అంతవరకు నాకు తెలిసిన ఉక్కునగరం రెండే దారులు. ఒకటి క్వార్టరు నుండి ప్లాంటుకు, రెండవది క్వార్టరు నుండి కూర్మన్నపాలెం కూడలికి. రెండూ స్కూటరు మీదనే. వైద్యుని మాట కాదనలేక, ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగిసిన పిమ్మట తిన్నగా ఇంటికి రాక, సెక్టార్ల లోపలి వీధులలోకి నడిచాను.

లోపలి వీధులు ఎంత నిశ్శబ్దంగా ఉన్నవో! ఇరువైపులా వేప, కానుగ చెట్లు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ఒరిగిపోయి, ఆ ఒరిగిన స్థితిలోనే మళ్లీ చిగిర్చిన చెట్టొకటి మలుపులో కనిపించింది. ఒక ఇంటి ముందు తడి ముగ్గు, మరొక ఇంటి గోడ మీద ఆరవేసిన యూనిఫారం. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారు ఇంట్లో పిల్లలు లేస్తారేమోనని గేటును చప్పుడు కాకుండా తీస్తున్నారు. అక్కడక్కడ తాళం వేసిన క్వార్టర్లు, వాటి ముంగిట పేరుకొన్న ఎండుటాకులు.

నేను పెరిగింది పాత విశాఖలో, దర్గా కొండ దాపున. దర్గా ఉన్న కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న కొండ అక్కడ ఒకదాని చెంత ఒకటి నిలిచి ఉంటాయి. ఆ ఇరుకు సందులలో ఎవరింట ఏమి వండారో వాసనే చెప్పేది. జ్వరం వచ్చిన ఇంటికి చెప్పకుండానే గంజి చేరేది. ఉక్కునగరంలో వీధులు విశాలమైనవి, ఇళ్లు ఎడంగా ఉన్నవి. ఆ ఎడమే మనుషుల నడుమ కూడా పెరిగినదని నడిచినప్పుడు గాని నాకు తెలియలేదు.

నాలుగవ రోజో అయిదవ రోజో, మా ఇంటికి మూడు వీధుల అవతల ఒక వరండాలో చక్రాల కుర్చీలో ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నారు. పేరు పెట్టి పిలిచారు. దగ్గరకు వెళ్లి చూద్దును గదా, 1990లో నేను కొత్తగా చేరినప్పుడు ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నేస్ వద్ద నాకు పని నేర్పినవారు! కరిగిన ఇనుము ప్రవహించే కాలువ ఎదుట ఎలా నిలవాలో, ఎప్పుడు వెనుకకు జరగాలో చేయి పట్టుకొని చూపించిన మనిషి. పక్షవాతం వచ్చి రెండేళ్లయినదట. కుమారునికి కేటాయించిన క్వార్టరులో ఉంటున్నారు. “రోజూ నీ స్కూటరు చప్పుడు వింటూనే ఉన్నానయ్యా” అన్నారు నవ్వుతూ. ఆ మాటలో నిష్ఠురం లేదు. అందువల్లనే అది నన్ను మరింత బాధించింది.

దివ్య ఖుర్ఆన్ దగ్గరి పొరుగువారిని, దూరపు పొరుగువారిని కూడా పేర్కొని వారి పట్ల సద్వర్తనను ఆదేశించింది. ఆ ఆయతును ఎన్నోమార్లు చదివాను. నా దూరపు పొరుగు మూడు వీధుల అవతల కుర్చీలో కూర్చొని ఉన్నదని మాత్రం ఎరుగను. ఆనాటి నుండి నా నడక ఆయన వరండా వద్ద పావుగంట ఆగసాగింది. మా ఆవిడ చేసిన రాగి జావ కూడా నాతో నడవసాగింది.

మరికొన్నాళ్లకు, వీధి ఊడ్చే ఒక పెద్దామె చింతచెట్టు కింద అలసట తీర్చుకొంటుండగా, “ఏ ఊరమ్మా?” అని అడిగాను.

“మాదీ ఊరే బాబూ. ఆ గోడకాడ మా నుయ్యుండీది. ఇప్పుడు నుయ్యి నేదు, ఊరూ నేదు. ఈ సింతసెట్టొక్కటే మిగిలింది” అన్నది. కొంతసేపు మౌనంగా ఉండి, “ఊరు పోతే పోయింది. ఊరోళ్లంతా ఎక్కడోళ్లక్కడైపోనారు. అదే బాద” అన్నది.

ఏమనడానికీ నాకు నోరు రాలేదు. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రమంతటా మారుమ్రోగింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఇవన్నీ మేము ఏటా స్మరించుకొంటాము. కాని ఈ కర్మాగారం కోసం, ఈ నగరం కోసం 60కి పైగా గ్రామాలవారు 20,000 ఎకరాలకు మించిన నేలను విడిచి, గాజువాక, అగనంపూడి పరిసరాలలోని నిర్వాసితుల కాలనీలకు తరలిపోయిన సంగతి మా స్మరణలో వెనుక వరుసలోనే ఉండిపోయింది. నేను మెచ్చుకొన్న ఈ నిశ్శబ్దం క్రింద ఒక ఊరి సందడి ఉన్నది. ఆమె పొరుగువారిని పోగొట్టుకొని ఇప్పటికీ తలచుకొంటున్నది. నేనో, పొరుగువారు ఉండగానే వారిని ఎరుగక బ్రతికాను.

‘హక్కు’ అన్న మాట మన తెలుగులోకి అరబీ ‘హఖ్’ నుండి వచ్చినది. దారి ప్రక్కన కూర్చునేవారు దారికి దాని హక్కును చెల్లించాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ హక్కేమిటని సహచరులు అడుగగా, చూపును వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని పెంపొందించి చెడును వారించడం అని వివరించారు. నేను ముప్పై ఏళ్లు ఈ దారులను వాడుకొన్నాను గాని వాటి హక్కు చెల్లించలేదు.

2021 జనవరిలో కర్మాగారం నుండి పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం నిర్ణయించినప్పటి నుండి ఈ వీధులలో ఇద్దరు కలిస్తే రేపేమవుతుందన్నదే మాట. రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు. నాకు మిగిలినది ఒక్క మాసం. ఉదయం ఎదురైన ప్రతివారినీ, తెలిసినా తెలియకున్నా, ముందుగా నేనే పలుకరిస్తున్నాను. దారిలో రాయి కనిపిస్తే ప్రక్కకు తీస్తున్నాను. నిన్న ఆ పెద్దామెను మా ఇంటికి పిలిచి, మా ఆవిడ చేత టీ ఇప్పించాను. మా పెరటి గోడ వైపు చూసి, “ఇటేపు మా సెనగసేను” అన్నది.

ఇల్లు అమానతు అని అంటూనే ఉంటాము. ఎవరి అమానతో ఇప్పుడు తెలిసినది. తాళంచెవులు కార్యాలయంలో ఇచ్చి వచ్చే రోజున, ముందుగా ఆమెకు చెప్పి వెళ్తాను, ఇన్షా అల్లాహ్.